ఖర్చుల పుస్తకంలో రాయని ఖర్చు

ఈసారి ఉత్తరం కోనసీమ నుంచి వచ్చింది, రాజోలు దగ్గర ఒక పల్లెటూరు. రాసినావిడకు 47 ఏళ్లు. పేరు, ఊరు వెయ్యొద్దన్నారు. పన్నెండు పేజీల ఉత్తరంలో సగం లెక్కలే.

ఆవిడ తండ్రి హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరై 2017లో పోయారు. తల్లికి 73. రెండున్నరేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పూర్తిగా పడిపోయింది, మాట కూడా పోయింది. ఎవరేం మాట్లాడినా అర్థమవుతుంది, ఎడమ చెయ్యి ఆడుతుంది. పిల్లలు నలుగురు. అన్నయ్యకు హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీ ఉద్యోగం. అక్కను భీమవరం ఇచ్చారు. మూడో ఆవిడ ఈ ఉత్తరం రాసినావిడ. ఆఖరివాడు తమ్ముడు, 41 ఏళ్లు. వాడికి పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ, అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. తల్లి మంచం పక్కనే చాప వేసుకుని పడుకుంటాడు.

ఈవిడ భర్తకు కిరాణా కొట్టు ఉంది. తల్లికి జబ్బు చేసిన నెలలోనే ఈవిడ ప్రైవేటు స్కూల్లో నెలకు 12,000 వచ్చే టీచరు ఉద్యోగం మానేసి పుట్టింట్లోనే ఉండిపోయారు. ఇంటర్ చదివే కూతురు, భర్త భోజనానికి అక్కడికే వచ్చి వెళ్తారు. పోయిన నెల నడుం పట్టేస్తే డాక్టరు డిస్క్ సమస్య అని తేల్చి, బరువులు ఎత్తొద్దన్నారు. ఎత్తాల్సిన బరువు అమ్మే.

ఇక డబ్బు సంగతి. తల్లికి కుటుంబ పింఛను 24,000 వస్తుంది. ఆవిడ పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన రెండెకరాల వరి పొలం ఆవిడ పేరనే ఉంది. తండ్రి పోయిన దగ్గర్నుంచి దాని కౌలు అన్నయ్యే తీసుకుంటున్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఆయన ఒక కాగితం తెచ్చారట. పొలం తన పేర రాసిస్తే నెలకు పది వేలు పంపుతానని, అమ్మ తర్వాత తమ్ముడిని తనే చూసుకుంటానని అందులో ఉంది. సబ్ రిజిస్ట్రార్‌ను ఇంటికే పిలిపించి వేలిముద్ర వేయిద్దామన్నారు. అక్క ఒప్పుకోలేదు, పైసా ఇస్తాననీ అనలేదు. ఈవిడ ఉండబట్టలేక, "నాకు నెలకు ఏదో ఒకటి ఇచ్చే ఏర్పాటు చెయ్యండి, ఒక మనిషిని పెట్టండి" అని అడిగారు. దానికి వదిన అన్న మాట ఊరంతా పాకింది: "కన్నతల్లికి నీళ్లు పోసినందుకు కూలి అడుగుతోంది."

ఆవిడ అడిగినవి నాలుగు. జీతం అడగడం తప్పా? ఒక ఎకరం అమ్మేస్తే మంచిదా? పొలం పక్కన చెరువులు తవ్విన రైతు ఎకరాకు ఏడాదికి 80,000 లీజు ఇస్తానంటున్నాడు, ఇచ్చెయ్యాలా? లేకపోతే అమ్మను ఏదైనా హోమ్‌లో చేర్చి తను మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలా?

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పక్కన కాగితం పెట్టుకుని మీ లెక్కలు మళ్లీ వేశాను. మీరు ప్రతి నెలా రాసే ఖర్చుల పుస్తకం నుంచి ఒక పేజీ ఎత్తి రాశారు. మందులు 3,800. డైపర్లు, కింద వేసే షీట్లు 4,500. ఫిజియోథెరపీ వారానికి మూడు రోజులు, 300 చొప్పున 3,600. పాలు, గుడ్లు, పళ్లు, ఎయిర్ బెడ్ మోటారుకు కరెంటు, అన్నీ కలిపి 4,000. డాక్టరు, టెస్టులు సగటున 1,500. తమ్ముడి ఫిట్స్ మాత్రలు, తిండి, బట్టలు 4,100. మొత్తం 21,500.

ఈ పేజీ చూసి మీ అన్నయ్య, "పింఛను సరిపోతోందిగా, ఇంకా 2,500 మిగులుతోంది కూడా" అన్నారని రాశారు. ఆ మాటకు మీ దగ్గర సమాధానం లేకపోయిందని కూడా రాశారు. పేజీని చూస్తే ఆయన అన్నది నిజమే కదా! గొడవంతా అక్కడే ఉంది. ఆ పేజీలో డైపరు ఖరీదు ఉంది కానీ డైపరు మార్చే చేతుల ఖరీదు లేదు. అది రాయలేదు గనకే పింఛను సరిపోతున్నట్టు కనిపిస్తోంది.

మీ ఉత్తరం ఏడో పేజీలో ఒక చోట రాసింది నాకు కళ్లకు కట్టినట్టుంది. రాత్రి పది, పన్నెండు, రెండు, నాలుగు. అలారం పెట్టుకుని లేచి అమ్మను పక్కకు తిప్పుతారు. అమ్మ కింద పరిచిన దుప్పటిని ఒక పక్క మీరు, అవతలి పక్క తమ్ముడు పట్టుకుంటారు. "ఒకటి, రెండు, మూడు" అని వాడే లెక్క పెడతాడు. మూడు అనగానే ఇద్దరూ ఒక్కసారి లాగుతారు. తర్వాత వీపు కింద దిండు, మోకాళ్ల మధ్య మడతపెట్టిన తువ్వాలు. రెండున్నరేళ్లలో అమ్మకు ఒక్క పుండు పడలేదని రాశారు. మంచం పట్టిన మనిషికి పుండు పడకుండా చూడటం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒకసారి నడుం కింద పుండు లోతుకు దిగితే డ్రెస్సింగులకు, ఆసుపత్రికి అయ్యే ఖర్చు ముందు మీ డైపర్ల ఖర్చు ఏపాటి? మీరు చేస్తున్నది ప్రేమతోనే. అయినా అది పనే, దానికి విలువ ఉంది.

నాకు ఇది ఆలస్యంగా తెలిసింది. మా అత్తగారు నాలుగేళ్లు మంచంలో ఉన్నారు. చేసింది మా తోడికోడలు. మేం ఊరు కాని ఊళ్లో ఉండి నెలనెలా డబ్బు పంపి, మా బాధ్యత తీరిందనుకున్నాం. అత్తగారు పోయిన ఏడాదికి ఒక మధ్యాహ్నం ఆవిడ నాతో మామూలుగానే అంది: "ఆ నాలుగేళ్లలో మా అన్నయ్య కూతురి పెళ్లికి కూడా వెళ్లలేదక్కా." ఆ పెళ్లికి నేను వెళ్లాను. ఆవిడ ఎందుకు రాలేదో అడగాలని కూడా నాకు తోచలేదు. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మనసు పిండినట్టుంటుంది. అందుకే మీ వదిన మాటకు మీరు తల దించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మన కోనసీమ నుంచి ఎంతమంది ఆడవాళ్లు కువైట్‌కు, మస్కట్‌కు వెళ్లి, అక్కడి ఇళ్లలో ముసలివాళ్లకు ఒళ్లు తుడిచి, అన్నం తినిపించి ఇక్కడి పిల్లల్ని చదివిస్తున్నారు! ఆ పని అక్కడ చేస్తే గౌరవంగా జీతం అంటాం. రాజోలు దగ్గర చేస్తే కూలి అని ఎందుకు దెప్పిపొడవాలి?

మీరు ఏజెన్సీలో కనుక్కున్న రేట్లు కూడా రాశారు. 24 గంటలు ఉండే మనిషికి 25,000, పన్నెండు గంటల మనిషికి 16,000. ఇప్పుడు పుస్తకంలో కొత్త పేజీ తీయండి. పాత ఖర్చు 21,500. పన్నెండు గంటల మనిషికి 16,000. మిగతా పన్నెండు గంటలు మీవి. వాటికి కనీసం మీరు వదులుకున్న జీతం, 12,000. మొత్తం 49,500. ఇది అమ్మను, తమ్ముడిని చూసుకోవడానికి అసలు అయ్యే ఖర్చు. పింఛను పోను ఇంకా 25,500 కావాలి. ఇన్నాళ్లూ ఆ లోటును మీ నడుం భరించింది. రేపు మీరే మంచం పడితే అన్నయ్య 25,000 పెట్టి మనిషిని తేవాల్సిందే. అప్పుడు ఆ ఖర్చు ఎవరూ అడగకుండానే పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఈ లోటు పూడ్చడానికి మొదట చూడాల్సింది పొలం కౌలు. పసుపు కుంకుమ కింద వచ్చిన పొలం మీ అమ్మగారి సొంతం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ప్రకారం ఆవిడకు దాని మీద పూర్తి హక్కు ఉంది. ఆవిడ బతికి ఉండగా నలుగురు పిల్లల్లో ఎవరికీ అందులో సెంటు భూమి మీద హక్కు లేదు, అన్నయ్యకూ లేదు, మీకూ లేదు. "వంశం ఆస్తి, కొడుకుగా నేను చూసుకుంటున్నా" అన్న మాట దీనికి వర్తించదు. ఎకరాకు ముప్పై బస్తాల కౌలు అని రాశారు. రెండెకరాలకు అరవై బస్తాలు. 75 కిలోల బస్తాకు 2025-26 మద్దతు ధర ప్రకారం సుమారు 1,777 రూపాయలు, అంటే ఏడాదికి 1,06,000 పైచిలుకు. నెలకు సుమారు 8,900. ఈ డబ్బు అమ్మది. అమ్మ ఖాతాలో పడాలి, అమ్మకే ఖర్చు కావాలి. అన్నయ్య ఇన్నాళ్లు తీసుకున్నదాన్ని తవ్వొద్దు. పన్నులు, గట్లు, బోదెలు అంటూ ఆయన లెక్క ఆయనకు ఉంటుంది, మాట తెగిపోతుంది. ఈ పంట నుంచి కౌలు రైతు నేరుగా అమ్మ ఖాతాలో వేస్తాడని మాత్రం చెప్పండి. అది అడగడానికి మొహమాటం అక్కర్లేదు. కాకపోతే కౌలు డబ్బు నెలనెలా రాదు, పంట చేతికొచ్చాక వస్తుంది. వచ్చినప్పుడు ఖర్చుపెట్టేయకుండా నెలకింత అని విడదీసుకోవాలి. తుపాను వచ్చి చేను పడిపోయిన ఏడాది కౌలు తగ్గించమని రైతు అడుగుతాడు, తగ్గించాల్సి వస్తుంది కూడా.

పింఛను, కౌలు కలిపితే 32,900. లోటు 16,600. ఈ అంకె దగ్గర కాసేపు ఆగండి. మీరు చాకిరీ చేస్తున్నారు కాబట్టి మీ వాటా డబ్బు అక్కర్లేదు. అన్నయ్య, అక్క ఇద్దరే పంచుకుంటే ఒక్కొక్కరికి 8,300. పొలం రాసిస్తే నెలకు పది వేలు ఇస్తానన్న అన్నయ్యకు, పొలం రాయించుకోకుండా ఇవ్వాల్సింది అంతకంటే తక్కువ! ఆయన ఇంటి లోను, పిల్లల ఇంజినీరింగ్ ఫీజులు నేను కాదనడం లేదు. కానీ ఆయన స్వయంగా ఇవ్వగలనన్న మొత్తమే ఇది.

అక్క, "నేను ఆడపిల్లని, నాకేం సంబంధం" అన్నారట. మన రాష్ట్రంలో ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా వాటా ఇస్తూ 1986లోనే చట్టం తెచ్చారు, దేశమంతటికీ 2005లో వచ్చింది. అమ్మ సొంత పొలంలోనూ, ఆవిడ వీలునామా రాయకపోతే అక్కకు నాలుగో వంతు వస్తుంది. తల్లిదండ్రుల పోషణ చట్టం కూడా పిల్లలు అన్నప్పుడు కొడుకుల్నీ కూతుళ్లనీ కలిపే చెప్పింది. అక్కకు చేతిలో సొంత డబ్బు ఉండకపోవచ్చు, బావగారిని అడగడానికి ఇబ్బంది కావచ్చు. అలాంటప్పుడు డబ్బుకు బదులు రోజులు అడగండి. మూడు నెలలకోసారి పదిహేను రోజులు వచ్చి ఉంటే మీరు మీ ఇంటికి వెళ్లి నిద్రపోతారు. మీ నడుముకు ఇప్పుడు కావలసింది అదే.

అన్నయ్యను పూర్తిగా దురాశపరుడని నేను అనుకోవడం లేదు. ఆయన అన్న ఒక మాట మీరు కోపంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు: "పొలం ఇప్పుడే అమ్మి తినేస్తే, అమ్మ తర్వాత పింఛను ఆగిపోతుంది, వాడి గతేంటి?" ఇది నిజమైన భయం, మీకూ ఉన్నదే. ఈ భయమే మీ అందరి చేతా పొలం చుట్టూ ప్రదక్షిణలు చేయిస్తోంది. దీనికి సమాధానం తెలిస్తే సగం ముడి విడిపోతుంది.

అమ్మ తర్వాత పింఛను ఆగిపోనక్కర్లేదు. ప్రభుత్వ పింఛనుదారుడి బిడ్డ మానసిక లేదా శారీరక వైకల్యం వల్ల సంపాదించుకోలేని స్థితిలో ఉంటే, వయసుతో పని లేకుండా ఆ బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. మన రాష్ట్ర పింఛను నిబంధనల్లో ఈ సంగతి ఉంది. ఎన్నో టీచర్ల కుటుంబాలకు ఇది తెలియదు. తల్లి కూడా పోయాక తెలిసి, అప్పుడు కాగితాల కోసం పరుగులు పెడతారు. తమ్ముడు సంపాదించుకోలేడని మెడికల్ బోర్డు సర్టిఫికెట్, వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్, వైకల్య గుర్తింపు కార్డు, ఇవన్నీ అమ్మ ఉండగానే సిద్ధం చేసుకోండి. నాన్నగారి పింఛను కాగితాల్లో తమ్ముడి పేరు వైకల్యం ఉన్న కొడుకుగా నమోదైందో లేదో మీ సబ్ ట్రెజరీలో కనుక్కోండి. లేకపోతే నాన్నగారు చివరగా పనిచేసిన స్కూలు ద్వారా అర్జీ పెట్టాలి. తిరగాల్సి వస్తుంది, విసుగొస్తుంది. ఈ తిరుగుడు పని అన్నయ్యకు అప్పగించండి. తమ్ముడి గురించి ఆయన బెంగ నిజమే అయితే, ఆయన చెయ్యగలిగిన వాటిలో ఇంతకంటే విలువైనది లేదు.

తమ్ముడి తరఫున సంతకం ఎవరు పెట్టాలన్నది ఇంకొకటి. పద్దెనిమిదేళ్లు దాటిన మనిషికి, బుద్ధి ఎదగకపోయినా, అన్నో అక్కో ఊరికే సంరక్షకులైపోరు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. అక్కడ దరఖాస్తు చేస్తే సంరక్షకుడిని నియమిస్తారు. మీరా, అన్నయ్యా అన్నది తొందరపడకుండా తేల్చుకోండి. వాడు ఎవరి దగ్గర ఉంటాడో వాళ్లే సంరక్షకులైతే రోజువారీ పనులు సులువు. అదే ట్రస్టు వాళ్ల నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంటుంది, ఓపీ ఖర్చులు, థెరపీ కూడా అందులో వస్తాయి. ఫిట్స్ మందులకు అది ఆసరా అవుతుంది.

ఊళ్లో ఎవరో, "మంచంలో ఉన్నవాళ్లకు గవర్నమెంటు 15,000 ఇస్తోందిగా" అన్నారని రాశారు. మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకు రాష్ట్ర ప్రభుత్వం 2024 జూలై నుంచి నెలకు 15,000 ఇస్తున్న మాట నిజమే. కానీ ప్రభుత్వ పింఛను వచ్చే ఇంటికి అది వర్తించదు. మీరు దానిమీద ఆశ పెట్టుకోవద్దు. ఇది చదువుతున్న వాళ్లలో ప్రభుత్వ ఉద్యోగం, పింఛను ఏదీ లేని కుటుంబాలు ఉంటే మాత్రం వెంటనే గ్రామ సచివాలయంలో అడగండి. అలాగే మీ ఈహెచ్‌ఎస్ కార్డు, అంటే ప్రభుత్వ ఉద్యోగుల, పింఛనుదారుల ఆరోగ్య పథకం కార్డు, ముఖ్యంగా ఆసుపత్రి వైద్యానికే పనికొస్తుంది. ఇంటికొచ్చాక నెలల తరబడి చేసే చాకిరీకి మన దగ్గర ఏ కార్డూ డబ్బివ్వదు. జపాన్‌లో 2000 సంవత్సరం నుంచి నలభై ఏళ్లు దాటిన ప్రతివారి దగ్గరా నెలనెలా చందా తీసుకుని, ముసలితనంలో ఇంటికే మనిషిని పంపే ఏర్పాటు చేశారు. జర్మనీలో 1995 నుంచి ఇలాంటి బీమా ఉంది, ఇంట్లోవాళ్లే చూసుకుంటే ఆ కుటుంబానికే కొంత డబ్బు ఇస్తారు. మన దగ్గర ఆ బీమా ఇంట్లో ఉన్న ఒక కూతురో కోడలో! నాకు దీనిమీద కోపం ఉంది, దాచుకోను.

ఇక మీరు అడిగిన దారులు. అన్నయ్య తెచ్చిన కాగితం మీద ఇప్పుడు వేలిముద్ర వేయించవద్దని నా మనసు చెబుతోంది. ఒకవేళ అమ్మే ఇష్టపడి రాసివ్వాలనుకుంటే, తనను, తమ్ముడిని పోషించాలన్న షరతు దస్తావేజులోనే స్పష్టంగా ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను ప్రకారం, చూసుకోవాలన్న షరతుతో ఆస్తి తీసుకుని చూడకపోతే ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు. ఆ షరతు లేదు కాబట్టి రద్దు కుదరదని 2022లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో మరో కేసులో కొంత ఉదారంగా తీర్పిచ్చింది. కోర్టు ఉదారంగా ఉంటుందన్న నమ్మకం మీద సంతకం పెట్టకూడదు. పైగా ఆ సెక్షను కాపాడేది ఆస్తి రాసిచ్చిన వృద్ధులనే, తమ్ముడి రక్షణ వేరే చూసుకోవాలి. దానపత్రం కంటే వీలునామా మేలు. అమ్మ బతికి ఉన్నంతకాలం పొలం అమ్మదే, ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి. మాట లేని మనిషి కాబట్టి అందులో ఒకరు ఆవిడకు వైద్యం చేస్తున్న డాక్టరైతే రేపు ఎవరూ వేలెత్తి చూపలేరు. పొలంలో ఎక్కువ భాగం తమ్ముడి పోషణకు పెట్టి, మీ చాకిరీకి ఒక వాటా పెట్టాలని అమ్మ అనుకుంటే అది అన్యాయం కాదు. కానీ ఆ మాట మీ నోటి నుంచి రాకూడదు.

ఎకరం అమ్మడం తప్పేం కాదు. కౌలు లెక్కన ఎకరం ఏడాదికి 53,000 ఇస్తుంది. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ స్కీములో 2025-26లో ఉన్న 8.2 శాతం వడ్డీకి 10 లక్షలు వేస్తే ఏడాదికి 82,000, మూడు నెలలకోసారి 20,500 చేతికొస్తుంది. మీ వైపు ఎకరం ధర పది లక్షల దగ్గర ఆగదని మీకే తెలుసు. అంటే మంచి ధర పలికితే ఎకరం అమ్మకంతోనే లోటు చాలావరకు పూడుతుంది, ఎవరి ముందూ చెయ్యి చాచక్కర్లేదు. ఇబ్బంది ఎక్కడంటే, అమ్మిన భూమి మళ్లీ కొనలేరు. డబ్బు కళ్ల ముందు ఉంటే పెళ్లికనో, ఫీజుకనో అప్పు అడిగేవాళ్లు బయల్దేరతారు. అమ్మదలిస్తే డబ్బు మొత్తం అమ్మ పేరనే పడాలి, నామినీ విషయం నలుగురికీ తెలిసే జరగాలి. అన్నయ్య, అక్క నెలనెలా ఇవ్వడం ఆరు నెలల్లో ఆగిపోతే అప్పుడు ఈ దారి తీయండి. మొదటే వద్దు.

రొయ్యల చెరువుకు లీజు ఇస్తే డబ్బు వెంటనే కనిపిస్తుంది. రెండెకరాలకు 1,60,000 అంటే కౌలు కంటే 50,000 పైనే ఎక్కువ. కానీ చెరువు తవ్విన నేల మళ్లీ వరికి రావడం ఎంత కష్టమో మీ చుట్టుపక్కల పొలాలే చెబుతాయి. ఉప్పు దిగుతుంది, గట్లు పోతాయి. అనుమతులు లేకుండా తవ్వితే అదో తలనొప్పి. 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు రొయ్య రైతులు ఎలా బెంబేలెత్తారో చూశారు కదా. ఆ ఒడిదుడుకుల్లో లీజు సొమ్ము నెలనెలా అమ్మ మందులకు అందుతుందన్న భరోసా ఉండదు. తమ్ముడి కోసం దాచుకోవాల్సిన నేలను ముందే పాడుచేసుకోవడం నాకు నచ్చలేదు. మీ మనసు అటే లాగితే మాత్రం కాగితం మీద రాసుకోండి, ఏడాది డబ్బు ముందే తీసుకోండి, లీజు అయ్యాక పూడ్చి ఇచ్చే బాధ్యత ఎవరిదో రాయించండి.

హోమ్‌లో చేర్చడం పాపం అని నేను అనను. చేసేవాళ్లు లేని ఇళ్లలో అదే దిక్కు. కానీ చాలా వృద్ధాశ్రమాలు తమ పని తాము చేసుకోగలిగిన వాళ్లనే తీసుకుంటాయి. మంచంలో ఉన్నవాళ్లను తీసుకునే చోటు దొరికితే మీరు వెళ్లి ఒక రాత్రి పూట చూడండి. రాత్రి ఎంతమంది మెలకువగా ఉంటారు, ఎన్ని గంటలకోసారి తిప్పుతారు, జ్వరం వస్తే ఎవరు ఆసుపత్రికి తీసుకెళ్తారు, ఇవి అడగండి. గది ఫొటోలు చూసి మోసపోవద్దు. పైగా మీ ఇంట్లో ఇంకొకరున్నారు. అమ్మ పక్క చాప లేకుండా తమ్ముడు ఎలా పడుకుంటాడు? మీ నడుం ఆపరేషన్ దాకా వస్తే నెల, రెండు నెలలకు మాత్రం తాత్కాలికంగా ఆ దారి ఆలోచించండి.

అన్నయ్య, అక్క ఇద్దరూ మొండికేస్తే చట్టం ఉంది. 2007 చట్టం కింద మీ డివిజన్‌కు అమలాపురం ఆర్డీఓ దగ్గర అమ్మ తరఫున అర్జీ పెట్టవచ్చు. ముందు రాజీ ప్రయత్నం చేస్తారు, కుదరకపోతే నెలకు పది వేల వరకు పోషణ ఇవ్వమని ఆదేశిస్తారు. 14567 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు. కానీ ఆ గుమ్మం ఎక్కాక సంక్రాంతికి అన్నయ్య ఈ ఇంటికి వస్తాడన్న నమ్మకం లేదు. అమ్మ ఎడమ చెయ్యి ఆయన కోసం వెతుకుతుందని మీరే రాశారు. అందుకే దాన్ని చివరకు ఉంచాను.

ముందు మనుషులు కూర్చోవాలి. మీ మేనమామగారు ఉన్నారని, అందరూ ఆయన మాట వింటారని రాశారు. పసుపు కుంకుమ ఇచ్చిన ఇంటి మనిషి కాబట్టి ఆయన్నే పెద్దగా పెట్టండి. కొత్త పేజీ లెక్క మూడు కాపీలు తీసి తలా ఒకటి ఇవ్వండి. ఎవరెంత, ఏ తారీఖుకు, ఎన్నాళ్లకోసారి మళ్లీ లెక్క చూసుకుంటారు అన్నది తెల్లకాగితం మీద రాసుకుని అందరూ సంతకాలు పెట్టండి. అన్నయ్య ఆదాయపు పన్ను పాత విధానంలో కడుతుంటే, వైకల్యం ఉన్న తమ్ముడు తన మీద ఆధారపడ్డాడని చూపితే మినహాయింపు దొరుకుతుంది. ఆ సంగతీ చెప్పండి, ఆయనకు కాస్త వెసులుబాటు. పన్నెండు గంటల మనిషి మాత్రం రాత్రి పూటకు కావాలని పట్టుబట్టండి. పగలు ఎవరో ఒకరు సాయం వస్తారు, రాత్రి రెండు గంటలకు ఎవరూ రారు. ఏజెన్సీ మనిషి అయితే ఆధార్, పోలీసు వెరిఫికేషన్ చూసుకోండి, మొదటి వారం మీరూ అదే ఇంట్లో పడుకోండి.

మాట్లాడుకునేది హాల్లో కాదు, అమ్మ మంచం దగ్గరే. అమ్మ ముందు డబ్బు మాటలేంటని ఎవరైనా అంటే, అది అమ్మ డబ్బే అని చెప్పండి. ఆవిడకు వినపడేలా, ఒక్కొక్కటీ నిదానంగా చెప్పి, ఎడమ చేత్తో నొక్కమని అడగండి. ఇన్నాళ్లుగా పొలం గురించి ముగ్గురూ అన్నీ అన్నారు, ఆవిడను ఎవరూ అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

అన్నయ్యను ఒక్క రాత్రి ఉండమనండి. పన్నెండింటికి, రెండింటికి అలారం ఆయన ఫోన్‌లో పెట్టండి. మీరు పక్క గదిలో తలుపు వేసుకుని పడుకోండి. దుప్పటి ఎలా పట్టుకోవాలో తమ్ముడు చూపిస్తాడు, లెక్క కూడా వాడే పెడతాడు.